రాత్రి 3 గంటల రీడింగ్: దేవునికి అప్పగించుకోలేకపోయిన ఒక రొయ్యల రైతు కేసు

పాలకొల్లు, నరసాపురం, భీమవరం మధ్య ఊళ్లలో క్రైస్తవ కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. నా దగ్గరికొచ్చే మగవాళ్లలో ఎక్కువమంది చెరువులవాళ్లే. ఈ కేసు రాయడానికి ఆ రైతూ, ఆయన భార్యా ఇద్దరూ ఒప్పుకున్నారు, రాసింది చదివి వినిపించాను కూడా. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఆయన నాకంటే చిన్నవాడు, గదిలో తమ్ముడూ అనే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను. దేవునికి అప్పగించుకోండి అనే మాట మన సంఘాల్లో ప్రతి ఆదివారం వింటాం, కానీ ఒక మనిషి దాన్ని నిజంగా నేర్చుకునేటప్పుడు లోపల ఏం జరుగుతుందో మాట్లాడుకోవడం బాగా తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల వార్త రాగానే ఇక్కడ రొయ్య రేటు పడిపోయింది, ఆ వేసవిలోనే భార్య ఆయన్ని తీసుకొచ్చింది. వయసు 43. లీజు చెరువుల్లో వనామీ రకం రొయ్యల సాగు, బయట అప్పు, డిగ్రీ చదువుతున్న కొడుకు, ఇంటర్ చదువుతున్న కూతురు. రాత్రిళ్లు నిద్ర లేదు, గుండె దడ, అరచేతుల్లో చెమటలు, చిన్న మాటకే కొడుకు మీద కేకలు. తమ్ముడు కుర్చీ అంచున కూర్చుని ఫోన్ చేతిలో తిప్పుతూ, "నాకేం లేదండీ, పంట టెన్షన్, అందరికీ ఉండేదే" అన్నాడు. అప్పుడు ఆవిడ చెప్పిన మాట చుట్టూనే ఈ కేసంతా నడిచింది: "పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టేశాక కూడా రాత్రి 3 గంటలకి లేచి గట్టు మీదకి వెళ్తారండీ. నీళ్లే ఉండవు. అయినా టార్చిలైటేసుకుని నిలబడతారు."

గుండె దడ అని వచ్చినవాళ్లని ముందు డాక్టరు దగ్గరికి పంపకుండా నేను ఏదీ మొదలుపెట్టను. ఈసీజీ, థైరాయిడ్ బాగానే ఉన్నాయి, బీపీ కొంచెం ఎక్కువ ఉంది. మానసిక వైద్యుడు చూసి, ఇది ఆందోళన జబ్బేనని చెప్పి, తక్కువ మోతాదులో మందు రాశారు. మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టే అని సంఘంలో ఎవరో అన్నారట. తిమోతికి కడుపు జబ్బుంటే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలే రాశాడు, ఆ పౌలుతో పాటు తిరిగిన లూకా వైద్యుడు. మందుకీ విశ్వాసానికీ పోటీ పెట్టే బోధ బైబిల్లో నాకెక్కడా కనపడలేదని తమ్ముడికి గట్టిగానే చెప్పాను.

చెరువులు తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని ప్లాంక్టన్ (కంటికి ఆనని సన్నటి నాచు) ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్ రొయ్యతో పాటు తనూ ఆక్సిజన్ తీసుకుంటుంది, అందుకని తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, అన్నిటికంటే తక్కువకి వస్తుంది. రాత్రి రీడింగు అంటే దాన్ని మీటరుతో కొలవడమే. లీటరుకి 4 మిల్లీగ్రాముల లోపుకి దిగిందంటే రైతుకి కంగారే. కరెంటు పోయి, జనరేటర్ అందుకోక, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయంటే మూడు నెలల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. అంటే ఈ మనిషి భయపడేది లేనిదాన్ని చూసి కాదు. నీ భయం ఉత్తిదే అని చెప్పే కౌన్సెలింగ్ డెల్టాలో పనిచేయదు, చెప్పినవాడి మీద నమ్మకం పోతుంది అంతే. కానీ ఎండిన చెరువు దగ్గర నిలబడటానికి డీఓ కారణం కాదు కదా. అక్కడే వేరే ఏదో ఉందని నాకు అర్థమైంది.

తమ్ముడు అప్పగించుకోవడానికి ప్రయత్నించనివాడు కాదు. ఉపవాస కూడికల్లో ఎన్నోసార్లు మోకాళ్ల మీద ఏడ్చి, చెరువులు నీవే ప్రభువా అని లేచాడు, ఒకసారి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాడు. "అక్కడ అప్పగించేస్తానండీ. ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి మళ్లీ నా నెత్తి మీదే ఉంటుంది." దాంతో చింత ఒకటి, చింతిస్తున్నందుకు పాపం చేస్తున్నానన్న భయం ఇంకొకటి, రెండూ కలిసి మోస్తున్నాడు. "దేనినిగూర్చియు చింతపడకుడి" అనే వాక్యం ఆయనకి ఓదార్పుగా కాక కోర్టు నోటీసులా వినిపించేది. నాలుగో అధ్యాయంలో ఆ మాట ఫిలిప్పీయులకి రాసినవాడు సంకెళ్లలో ఉన్నాడని, ఆ వెంటనే మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి అన్నాడని మొదట్లోనే చూపించాను కానీ, అప్పటికి అది చెవికెక్కలేదు.

ఆయన కుటుంబం తరాలుగా బ్రదరన్ సంఘం. ఈ డెల్టాలో ఆ సంఘాల మొదలు చూస్తే, 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చి తర్వాత నరసాపురం చేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు కనిపిస్తాయి. గ్రోవ్స్ చెల్లెలు మేరీని పెళ్లి చేసుకున్నవాడే బ్రిస్టల్ అనాథాశ్రమాల జార్జ్ ముల్లర్, అవసరం దేవునికే చెప్పాలి, మనిషిని అడగకూడదు అని బతికినవాడు. ఈ కథలు తమ్ముడు సండే స్కూల్లోనే విన్నాడు, విని, నిజమైన విశ్వాసి లెక్కలు వేయడు, జాగ్రత్తపడడు అని అర్థం చేసుకున్నాడు. ముల్లర్ వచ్చిన ప్రతి పైసకీ లెక్క రాసి ఏటా అచ్చు వేయించేవాడని చెబితే ఆశ్చర్యపోయాడు. దేవుణ్ణి నమ్మినవాడు పుస్తకం మూసేయలేదు. మన దగ్గర ఆ సగం కథ చెప్పరు, దానివల్ల నష్టపోయేది ఇలాంటి కష్టజీవులే.

కెన్నెత్ పార్గమెంట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు 1988లో ఒక పరిశీలన ప్రచురించారు. కష్టం వచ్చినప్పుడు భక్తిగల మనుషులు మూడు రకాలుగా నడుస్తారని అందులో ఉంది: అంతా నా భుజాల మీదే అనుకోవడం, అంతా దేవుడే చేస్తాడని చేతులు ముడుచుకోవడం, దేవునితో కలిసి పని చేయడం. తర్వాత వేరే పరిశోధకులు అప్పగించుకోవడాన్ని విడిగా నాలుగోదిగా చూపించారు: తన పని తాను చేస్తూనే, తన ఇష్టం ఒకవైపూ దేవుని ఇష్టం ఒకవైపూ లాగినప్పుడు తనది పక్కన పెట్టడం. తమ్ముడు మొదటి రెండింటి మధ్యే ఊగుతున్నాడు. కూడికలో ఉన్నంతసేపూ చేతులు ముడుచుకోవడం, ఇంటికొచ్చాక అంతా తన నెత్తినే. ఆ రెండూ కాని దారి ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అసలు విషయం బయటికి రావడానికి వారాలు పట్టింది. 3 గంటలకి లేవడం ఎప్పటినుంచి అని అడిగితే చెరువులు తీసుకున్నప్పటి నుంచి అనేవాడు. ఒకరోజు భార్య లేనప్పుడు, చెరువులు లేకముందు కూడా గాలి గట్టిగా వీస్తే లేచి కూర్చునేవాణ్ణి అన్నాడు. చిన్నప్పుడు వాళ్లు వశిష్ఠకి అవతల, కోనసీమలో సముద్రం వైపు ఊళ్లో ఉండేవాళ్లు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు ఆయనకి 14 ఏళ్లు. వెయ్యిమందికి పైగా చనిపోయిన తుఫాను అది, కొబ్బరి తోటలు తోటలుగా పడిపోయాయి. ఇల్లు ఆగదని తెలిసి చీకట్లో స్కూలు బిల్డింగు వైపు పరుగెత్తారు. చెల్లి చెయ్యి తమ్ముడి చేతిలో ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. ఎక్కడో కాలు జారి పడ్డాడు, లేచేసరికి చెయ్యి లేదు. తెల్లారాక పడిపోయిన కొబ్బరిచెట్టు కింద దొరికింది.

ఇది చెబుతున్నంతసేపూ తన కుడి అరచేతినే చూసుకుంటున్నాడు.

సమాధి దగ్గర ఎవరో పెద్దాయన, దేవుడు తన తోటలో మంచి పువ్వు కావాలనుకుని కోసుకున్నాడు, ఏడవకండి అన్నారట. మన దగ్గర చాలా చావుల్లో వినపడే మాటే, అన్నవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆ పిల్లాడు విన్నది వేరు. నేను పట్టు విడిస్తే మనిషి పోతుంది, ఆ పోవడం దేవుడికి కావాలి. ఇది లోపల కూర్చున్నాక, అలాంటి దేవుడి చేతికి కొడుకునీ కూతుర్నీ పంటనీ ఎవరిస్తారు? 29 ఏళ్లుగా ఈ మనిషి కాపలా కాస్తున్నది రొయ్యల్ని కాదు. కాపలా కాస్తున్నది ఒక రకంగా దేవుడి నుంచే. విశ్వాసం పెంచుకో అని ఎంత చెప్పినా లాభం ఉండదు. మనం ఎవరిని చూసి భయపడతామో వాళ్ల చేతికి దేన్నీ మనస్ఫూర్తిగా అప్పగించలేం.

అందుకని సమర్పణ గురించి మాట్లాడటం పూర్తిగా ఆపేశాం. బదులుగా 13వ కీర్తన తీశాం. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. దేవుణ్ణి ఇలా అడిగినవాడి పాట బైబిల్లోనే ఉందన్న సంగతి ఆయనకి తెలుసు, తనూ అలా అడగొచ్చని తెలియదు. ఒక ప్రార్థన రాసుకురమ్మన్నాను, అందులో స్తోత్రం అనే మాట ఉండకూడదన్నాను. మొదటిసారి తెచ్చింది మామూలు ఆదివారం ప్రార్థనే. రెండోసారీ అంతే. ఆ తర్వాత ఒకరోజు కాగితమేమీ తేకుండా వచ్చి, కళ్లు తెరిచే ఉంచి, గోడ వైపు చూస్తూ గట్టిగా అడిగాడు: "చెయ్యి నేను వదిలానా, నువ్వు వదిలించావా?"

నేను జవాబు చెప్పలేదు. నా దగ్గర లేదు కూడా. చాలాసేపయ్యాక, యోహాను 11లో లాజరు సమాధి దగ్గర యేసు ఏం చేశాడో చదవమన్నాను. అక్కడ పువ్వు గురించి మాటేమీ లేదు. "యేసు కన్నీళ్లు విడిచెను" అని ఉంది.

ఆ తర్వాత తమ్ముడు బాగుపడలేదు, ఇంకా దిగజారినట్టు కనిపించాడు. కొన్ని వారాలు రొట్టె విరుచుటకు, అంటే ఆదివారం ఆరాధనకి, వెళ్లలేదు. సంఘ పెద్ద ఒకరు నాకు ఫోన్ చేసి, మీ దగ్గరికొచ్చాక మనిషి చల్లారిపోయాడేంటండీ అని అడిగారు. ఓపిక పట్టండి, తిట్టకండి, వీలైతే ఇంటికెళ్లి కాసేపు కూర్చుని రండి, బోధ చెయ్యకండి అన్నాను. ఆయన అలాగే చేశారు, అందుకు నేనెంతో రుణపడి ఉన్నాను. దుఃఖాన్ని దాటేసి సమర్పణ చేయించడం కుదరదన్నది నా గట్టి అభిప్రాయం. ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి, భర్త కొడుతున్నాడని వచ్చిన ఆడమనిషికి దేవునికి అప్పగించుకో అమ్మా అని చెప్పి అదే ఇంటికి తిరిగి పంపించేయడం సమర్పణ నేర్పడం కాదు. అలాంటి చోట ముందు ఆమె ప్రాణానికి రక్షణ చూడాలి.

దేవునితో మాటలు మళ్లీ మొదలయ్యాక, సిలువకి ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే దగ్గరికొచ్చాం. "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అన్న సగాన్ని మాత్రమే మనం పట్టుకుంటాం. దానికి ముందు యేసు ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తీసేయమని అడిగాడు. మత్తయి ప్రకారం మూడుసార్లు ప్రార్థించాడు. కోరిక ఉండటమే అవిధేయత అనుకునే తమ్ముడికి ఇది చాలా పెద్ద వెసులుబాటు. అప్పటినుంచి గట్టు మీద నిలబడి చేసే ప్రార్థన మారింది: 50 కౌంట్ (కిలోకి 50 రొయ్యలు) రావాలి ప్రభువా, రేటు కాస్త పెరగాలి, లీజు కట్టేంతైనా మిగలాలి, పిల్లలు చల్లగా ఉండాలి, ఇవి నాకు కావాలి. రెండో సగం మాత్రం నోటికి రావట్లేదన్నాడు. రానప్పుడు అనొద్దు అన్నాను. నిజంగా అనగలిగిన రోజునే అనమన్నాను.

ఇక చేతల సంగతి. మేత పుస్తకం వెనక పేజీల్లో తన పనులు ఏవో, తన చేతిలో లేనివి ఏవో రాయమన్నాను. ఏరేటర్ల బెల్టులు, డీజిలు, చెక్ ట్రేలో (మేత ఎంత తింటున్నాయో చూడటానికి నీళ్లలో దించే పళ్లెం) మిగిలిన మేత, రాత్రి రీడింగులు ఒకవైపు. మబ్బు, వైరస్, కరెంటు, అమెరికా సుంకం ఇంకోవైపు. ఇవి తేలిగ్గానే రాశాడు. కాపలా మనిషి నిద్రపోతాడేమో అన్నది ఎటు రాయాలో తెలియక పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. కొడుక్కి చేతకాదేమో అన్నది కూడా. నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమనిపించింది అదే. చెరువులన్నీ దేవునికి అప్పగించాను అని సాక్ష్యం చెప్పిన మనిషి, ఆ 3 గంటల రీడింగు కన్నకొడుక్కి ఇవ్వలేకపోతున్నాడు. కనపడని దేవుణ్ణి నమ్మడం నేర్చుకోవడం చాలాసార్లు కనపడే మనిషికి ఒక పని ఇచ్చి, మళ్లీ లాక్కోకుండా ఉండటంతోనే మొదలవుతుంది. ఆందోళన జబ్బులో వాడే ఎక్స్‌పోజర్ పద్ధతి కూడా ఇదే చెబుతుంది, భయపడే పనిని కొద్దికొద్దిగా చేసి, ముంచుకొచ్చే కంగారుని తప్పించుకోకుండా దాని పక్కనే ఉండటం.

ఆ రీడింగు కొడుక్కి అప్పగించాలనుకున్న సాయంత్రం నేనూ చెరువు దగ్గరికి వెళ్లాను. కుర్రాడు చెక్ ట్రే పైకి లాగి రొయ్యని వేళ్ల మధ్య పట్టుకుని పేగు నిండుగా ఉందో లేదో లైటుకి అడ్డంపెట్టి చూశాడు, అచ్చం తండ్రిలాగే. తమ్ముడు డీఓ మీటరు కొడుకు చేతిలో పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు, ఏ మూల ముంచాలో, ఎంతసేపు ఆగాలో, ఎంతకి పడితే లేపాలో, జనరేటర్ తాళం ఎక్కడుందో. పిల్లాడు ప్రతిదానికీ "తెలుసు నాన్నా" అంటున్నాడు. అంతా అయ్యాక ఇంటికి వెళ్దామని బండి తీశాడు గాని టార్చిలైటు ఇంకా తన చేతిలోనే ఉంది. నేను దానివైపు చూశాను. తనూ చూసుకున్నాడు. దాన్ని ఇవ్వడానికి మీటరు ఇవ్వడం కంటే ఎక్కువసేపు పట్టింది. ఆ రాత్రి కోడి కూసేదాకా మంచం మీద కళ్లు తెరుచుకునే ఉన్నాడు, గట్టు మీదకి మాత్రం వెళ్లలేదు. నిద్రపట్టలేదండీ అని దిగులుగా చెబితే, మనం అనుకున్నది నిద్ర కాదు, వెళ్లకపోవడం అన్నాను. నిద్ర తర్వాత వచ్చింది, కొన్ని రాత్రులు వచ్చింది, కొన్ని రాత్రులు రాలేదు.

127వ కీర్తన ఆయనే వెతుక్కుని తెచ్చాడు. "యెహోవా పట్టణమును కాపాడనియెడల దాని కావలికాయువారు మేలుకొని యుండుట వ్యర్థమే." కాపలావాణ్ణి తీసేయమనలేదండీ ఇందులో, వాడు ఉంటూనే ఉన్నాడు కదా అన్నాడు. నేను వివరించాల్సిన పని లేకుండా తనే పట్టుకున్నాడు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఆ రెండు రోజుల ముందు నుంచీ తమ్ముడు ఫోన్ ఎత్తితే ఊపిరి వేగంగా వినిపించేది. చెరువు నిండా పెరుగుతున్న రొయ్య. కొడుకు చెరువు దగ్గరి మకాంలోనే ఉండి జనరేటర్ చూసుకుంటానని పట్టుబట్టాడు, నాన్నకి నమ్మకం కలిగిందన్న ఉత్సాహం మరి. తమ్ముడు వినలేదు. డీజిలు నింపి, ఏరేటర్లు వేసి, చేయగలిగిందంతా చేసి, చీకటి పడకముందే కొడుకుని బండెక్కించుకుని అందరితో పాటు గట్టి బిల్డింగులోకి వెళ్లిపోయాడు. రాత్రంతా ఎవరూ నిద్రపోలేదు, పోవాల్సిన పనీ లేదు. భార్య చెప్పింది, గాలి బాగా ఎక్కువైనప్పుడు ఈయన రెండు చేతులూ ఒళ్లో తెరిచి పెట్టుకుని, అడగాల్సినవన్నీ పేరుపేరునా అడిగి, చివర్లో "అయినను" అన్నారట. ఆ తర్వాతి మాటలు గాలికి వినపడలేదంది.

చెరువు దక్కలేదు. కరెంటు లేక, డీజిలు అయిపోయి, చాలా రొయ్య పోయింది, మిగిలింది చిన్న సైజులోనే హడావుడిగా పట్టేసి వచ్చిన రేటుకి ఇచ్చేశారు. అప్పు పెరిగింది. తర్వాత నా దగ్గరికొచ్చినప్పుడు దేవుడి మీద కోపంగానే ఉన్నాడు, ఆ కోపాన్ని ప్రార్థనలోనే చెప్పాడు, ఆ ఆదివారం సంఘానికి కూడా వెళ్లాడు. తుఫానులో పంట కాపాడాడని సాక్ష్యం చెప్పే అవకాశం ఆయనకి లేదు, అందుకే ఈ కేసు మీద నాకు గౌరవం. అడిగింది దొరక్కపోయినా అడిగినవాడి దగ్గర నుంచి లేచిపోలేదు. నువ్వు ఆ రాత్రి చెరువుకి ఎందుకు వెళ్లలేదు అంటే, "వెళ్తే పిల్లాడూ వచ్చేవాడండీ" అన్నాడు, ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు డాక్టరు సలహాతో మందు మెల్లగా తగ్గిస్తున్నారు. బీపీ మాత్ర కొనసాగుతోంది. చెరువుల్లో సగం లీజు వదిలేసుకున్నాడు, ఆ నిర్ణయం భార్యాభర్తలు కూర్చుని పుస్తకం ముందు పెట్టుకుని తీసుకున్నారు. ఎండగట్టిన చెరువు దగ్గరికి రాత్రిపూట వెళ్లడం ఆగిపోయింది, గాలి వీచే రాత్రుల్లో మాత్రం మెలకువ వస్తుంది, అది పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వలేదు. చెల్లి పేరు ఇంట్లో మళ్లీ పలుకుతున్నారు, పిల్లలకి మేనత్త ఉండేదన్న సంగతి ఇన్నేళ్లకి తెలిసింది. కూతురు ఇంటర్ అయ్యాక నర్సింగ్ చదవడానికి హైదరాబాదు వెళ్తానంటోంది. ఆ మాట ఎత్తితే తమ్ముడి అరచేతులు మళ్లీ చెమటలు పడుతున్నాయి, ఫోన్‌లో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచితేనే పంపిస్తానంటున్నాడు, అమ్మాయి ఒప్పుకోవట్లేదు. వచ్చే వారం ముగ్గురినీ కలిపి కూర్చోబెడుతున్నాను.